ఓస్లో చలికాలంలో నా నల్ల అట్టల షెల్ఫ్ | బ్లాక్ మెటల్ ఆల్బమ్స్ వ్లాగ్

హాయ్ అండి, అందరూ బాగున్నారా. పోయిన వీడియోలో పచ్చడి జాడీలు చూపిస్తుంటే వెనకాల షెల్ఫ్‌లో నల్ల అట్టలు కనబడ్డాయంట, అవేంటి అక్కా క్షుద్రపూజల పుస్తకాలా అని ఒకటే మెసేజ్‌లు. కాదండీ బాబూ, అవి మ్యూజిక్ ఆల్బమ్స్, హెవీ మెటల్, అందులో బ్లాక్ మెటల్ అనే రకం. ఆ పేరు ఇంగ్లండ్ బ్యాండ్ వెనమ్ 1982లో తెచ్చిన ఆల్బమ్ నుంచి వచ్చింది గానీ ఇప్పుడు ఆ పేరు చెప్తే అందరికీ గుర్తొచ్చే సౌండ్ మాత్రం 1990ల మొదట్లో ఇదిగో ఈ నార్వేలో టీనేజ్ కుర్రాళ్ళు తయారు చేసిందే. సరే ఇంతమంది అడిగారు కదా, ఈరోజు వంట లేదు, షాపింగ్ లేదు, ఈ షెల్ఫే.

నేను చిన్నప్పటి నుంచి ఇళయరాజా, కీరవాణి పాటలు తప్ప వేరేది విన్నదాన్ని కాదు. ఇక్కడికి వచ్చాక నవంబర్ డిసెంబర్ నెలలు చూశాను, అవి చూడనివాళ్ళకి చెప్పినా నమ్మరు, డిసెంబర్ మూడో వారంలో ఓస్లోలో సూర్యుడు తొమ్మిది దాటాక వస్తాడు, మధ్యాహ్నం మూడుంపావు లోపలే వెళ్ళిపోతాడు, మధ్యలో కూడా మబ్బు. ఆఫీస్‌కి వెళ్ళేటప్పుడు చీకటి, వచ్చేటప్పుడు చీకటి. మా టీమ్‌లో ఒక పెద్దాయన ఉండేవాడు, చాలా నెమ్మది మనిషి, లంచ్‌లో బ్రెడ్డు మీద గోధుమరంగు చీజు పెట్టుకుని తింటూ ఈ చీకటి నచ్చకపోతే దానితో పోట్లాడకు, దానికి తగ్గ సంగీతం విను అని ఒక సీడీ ఇచ్చాడు. ఉల్వెర్ అనే బ్యాండ్ 1995లో చేసిన బెర్గ్‌టాట్. సోగ్న్స్‌వాన్ చెరువు చుట్టూ నడుస్తూ హెడ్‌ఫోన్స్‌లో విన్నాను, చుట్టూ దేవదారు లాంటి చెట్లు, కింద గడ్డకట్టిన దారి, మనిషి లేడు. చెవిలో మామూలు గిటారు, ఫ్లూటు, గుళ్ళో భజనలా మెల్లగా గొంతులు, హఠాత్తుగా వాన ముంచెత్తినట్టు డ్రమ్స్. ఐదు అధ్యాయాల కథ అది, అడవిలోకి వెళ్ళిన ఒక పిల్లని కొండ లోపల ఉండేవాళ్ళు మాయ చేసి తీసుకెళ్ళిపోతారు, అంతే కథ. పాటలు పాతకాలం నార్వేజియన్‌లో ఉంటాయి, ఇక్కడివాళ్ళకే సగం అర్థం కాదంట, నాకు ఇంక చెప్పేదేముంది, అయినా భయం మాత్రం బాగా అర్థమైంది.

ఇప్పుడు అసలు విషయం, కామెంట్స్‌లో తమ్ముళ్ళు చాలామంది మెటల్ అంటే గోల, ఎంత గట్టిగా వాయిస్తే అంత గొప్ప అనుకుంటారు. ఈ రకంలో అలా కాదు. గట్టిదనం కాదు ఇక్కడ కావాల్సింది, దూరం. గిటారు తీగని ఆపకుండా వేగంగా మీటుతూనే ఉంటారు, అందులో బరువు ఉండదు, పల్చగా ఈగల గుంపు మోగినట్టు ఉంటుంది, బేస్ దాదాపు వినపడదు, గొంతు ఎక్కడో లోయ అవతల నుంచి అరిచినట్టు వస్తుంది, అదే రిఫ్ఫు, అంటే చిన్న గిటారు ముక్క, నిమిషాల తరబడి తిరుగుతూనే ఉంటుంది. మొదటి రెండు నిమిషాలు చిరాకు పుడుతుంది, ఒప్పుకుంటా. ఆ తర్వాత చెవి ఒక్కో స్వరం వెంట పడడం మానేసి మొత్తాన్ని ఒకేసారి వినడం మొదలుపెడుతుంది చూడండి, అక్కడ పట్టుకుంటుంది. అందుకే ఈ ఆల్బమ్స్‌లో ఒక్క పాట తీసి రీల్‌కి పెడితే ఏమీ ఉండదు, మొత్తం నలభై నిమిషాలు కూర్చోవాల్సిందే.

ఇదిగో ఇది చూడండి, కెమెరా కొంచెం దగ్గరికి తెస్తా. డార్క్‌థ్రోన్. ఓస్లో పక్కనే కోల్‌బోట్న్ అని లోకల్ ట్రెయిన్‌లో వెళ్ళే చిన్న ఊరు, అక్కడి బ్యాండ్. వీళ్ళ మొదటి ఆల్బమ్ 1991లో వచ్చింది, అది స్టాక్‌హోమ్‌లో పేరున్న స్టూడియోలో చక్కగా చేసిన డెత్ మెటల్, అంటే మెటల్‌లోనే ఇంకో బరువైన రకం. నెక్స్ట్ ఇయరే అదంతా పక్కన పడేసి కావాలని మొరటుగా రికార్డ్ చేసి ఎ బ్లేజ్ ఇన్ ద నార్దర్న్ స్కై తెచ్చారు. పీస్‌విల్ అనే ఇంగ్లండ్ లేబుల్, అంటే ఆల్బమ్స్ రిలీజ్ చేసే కంపెనీ వాళ్ళు, ఇదేం సౌండ్, మళ్ళీ మిక్స్ చేద్దాం అంటే, అలా అయితే వేరే చోట రిలీజ్ చేసుకుంటాం అని భీష్మించుకుని కూర్చున్నారు, చివరికి లేబులే దిగొచ్చింది. 1994లో వచ్చిన ట్రాన్సిల్వేనియన్ హంగర్ అయితే ఇంట్లో నాలుగు ట్రాకుల చిన్న రికార్డర్ మీద చేసింది. ఇప్పుడు అలాంటి రికార్డింగులనే 180 గ్రాముల ఖరీదైన వినైల్ గ్రామఫోన్ రికార్డుల మీద నొక్కి అమ్ముతుంటే జనం ఆడియో క్వాలిటీ కోసం అని కొంటున్నారు, నాకైతే నవ్వొస్తుంది, క్యాసెట్ మెషీన్ మీద పుట్టిన సౌండ్‌కి ఎంత బరువు ప్లాస్టిక్ వాడితే ఏమొస్తుంది చెప్పండి. ఇంకో సంగతి, ఈ బ్యాండ్ డ్రమ్మర్ ఫెన్రిజ్ పోస్టాఫీసులో ఉద్యోగం చేసేవాడు. తన పిల్లిని ఎత్తుకుని దయచేసి నాకు ఓటెయ్యకండి అని పోస్టర్ వేసుకుంటే ఊరివాళ్ళు గెలిపించేశారు, మున్సిపల్ కౌన్సిల్లో ఎవరైనా రాకపోతే ఆ సీట్లో కూర్చునే ప్రత్యామ్నాయ సభ్యుడిగా, 2016లో ఈ వార్త ప్రపంచమంతా తిరిగింది.

కానీ అందరూ ఇంట్లో రికార్డ్ చేసుకున్నవాళ్ళే కాదు. బెర్గెన్ అని పడమటి తీరంలో ఊరుంది కదా, ఓస్లో నుంచి రైల్లో దాదాపు ఏడు గంటలు, మధ్యలో ఫిన్సె స్టేషన్ 1,222 మీటర్ల ఎత్తులో ఉంటుంది, కిటికీలోంచి చూస్తే తెలుపు తప్ప ఇంకేమీ ఉండదు. ఆ ఊళ్ళో గ్రీగ్‌హాలెన్ అని పెద్ద కచేరీ హాలు, నార్వే గర్వంగా చెప్పుకునే స్వరకర్త ఎడ్వర్డ్ గ్రీగ్ పేరు పెట్టారు, బెర్గెన్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా ఉండేది అక్కడే. ఆ బిల్డింగ్‌లోనే పిట్టెన్ అనే సౌండ్ ఇంజినీర్ ఈ కుర్రాళ్ళని కూర్చోబెట్టి మేహెమ్, ఎంపరర్, ఇమ్మోర్టల్ అనే బ్యాండ్‌ల ఆల్బమ్స్ రికార్డ్ చేశాడు. ఎంపరర్ వాళ్ళ ఇన్ ద నైట్‌సైడ్ ఎక్లిప్స్ 1993 జులైలో అక్కడ చేసిందే, కీబోర్డులు మంచు మబ్బులా మొత్తం కప్పేస్తాయి, పాడిన ఇహ్సాన్‌కి అప్పటికి 17 ఏళ్ళు. పదిహేడేళ్ళప్పుడు నేను ఇంటర్ ఫిజిక్స్ రికార్డు బుక్కు కాపీ కొడుతున్నా. ఆ అట్ట చూడండి, చంద్రుడి వెలుగులో నీలంగా కోట, కొండలు, స్వీడన్ ఆర్టిస్ట్ క్రిస్టియన్ వోలిన్ వేశాడు, ఆయన బొమ్మ కనిపిస్తే చాలు లోపల ఎవరున్నారో చూడకుండా చేతిలోకి తీసుకుంటాను నేను.

అట్టల సంగతి వచ్చింది కాబట్టి చెప్తా, ఓస్లో వస్తే నేషనల్ మ్యూజియంలో థియోడర్ కిట్టెల్సెన్ బొమ్మలు చూడండి. 1857లో పుట్టి 1914లో పోయాడు, చెరువులో కళ్ళు మాత్రం పైకి పెట్టి చూసే నీటి దయ్యం, అడవంత రాక్షసులు, ప్లేగుని చీపురు పట్టుకుని తిరిగే ముసలమ్మగా వేసినవి, ఇవన్నీ ఆయనవే. ఈ కుర్రాళ్ళ మనసులో ఉన్న నార్వే ఆయన గీసిన నార్వేనే అని నాకనిపిస్తుంది.

మా అమ్మ తిరుపతి నుంచి వీడియో కాల్‌లో ఒకసారి ఈ బ్యాండ్ ఫోటోలు చూసింది, మొహాలకి తెల్ల రంగు, కళ్ళ చుట్టూ నలుపు. నేను భయపడుతుందేమో అనుకుంటే తాపీగా "ఏందిమ్మే, గంగజాతరలో బైరాగి వేషం మాదిరి ఉండారు" అంది. నిజమే కదా, మా ఊరి జాతరలో ఒక రోజు ఒళ్ళంతా తెల్లగా పూసుకుంటారు, ఇంకో రోజు బొగ్గు పూసుకుంటారు, బూతులు తిట్టడం కూడా మొక్కులో భాగమే. అమ్మకి ఇందులో కొత్తేమీ కనబడలేదు, పాటలు మాత్రం వద్దు తల్లీ అంది.

ఇప్పుడు చెప్పకుండా దాటేస్తే బాగోదు, ఈ సంగీతం వెనకాల నిజంగా ఘోరాలు జరిగాయి. ఓస్లోలో గ్రోన్‌లాండ్ అని మన కరివేపాకు, పప్పులు దొరికే ఏరియా ఉంది కదా, చాలా వీడియోల్లో చూపించాను, అక్కడికి దగ్గర్లోనే ష్వైగార్డ్స్ గాట వీధి 56 నంబర్లో 1991లో మేహెమ్ గిటారిస్ట్ యూరోనిమస్ హెల్వెటె అని రికార్డుల షాపు పెట్టాడు, ఈ బ్యాండ్‌ల కుర్రాళ్ళంతా ఆ షాపు కిందున్న బేస్‌మెంట్‌లో పోగయ్యేవాళ్ళు. 1992 జూన్‌లో బెర్గెన్ దగ్గర ఫాంటాఫ్ట్ చెక్క చర్చిని తగలబెట్టారు, 1150 ప్రాంతంలో కట్టింది అది, దాని తర్వాత ఇంకా కొన్ని. 1993 ఆగస్టులో యూరోనిమస్‌ని బుర్జుమ్ అనే పేరుతో పాటలు చేసే వర్గ్ వికెర్నెస్ పొడిచి చంపాడు, 21 ఏళ్ళ శిక్ష పడింది. విచిత్రం ఏంటంటే మేహెమ్ 1994లో రిలీజ్ చేసిన డి మిస్టీరీస్ డామ్ సాథానస్ ఆల్బమ్‌లో గిటారు చనిపోయినవాడిది, బేస్ చంపినవాడిది. ఆ బేస్ తీసేయమని యూరోనిమస్ ఇంట్లోవాళ్ళు అడిగారంట, తీయలేదు. ఎంపరర్ డ్రమ్మర్ కూడా 1992లో లిల్లెహామర్‌లో ఒక మనిషిని చంపి, పట్టుబడకుండానే ఇందాక చూపించిన ఇన్ ద నైట్‌సైడ్ ఎక్లిప్స్‌లో వాయించాడు.

నా షెల్ఫ్‌లో బుర్జుమ్ లేదు, పెట్టను కూడా. హత్యే కాదు, ఆ మనిషి తర్వాత పెంచి పోషించిన జాతి పిచ్చి రాతలు చూస్తే మనలాంటి రంగువాళ్ళం ఆయనకి డబ్బులు పంపడం నాకు మింగుడు పడదు. మరి ఎంపరర్, మేహెమ్ ఎలా పెట్టుకున్నావు అంటారు, అడగాల్సిన ప్రశ్నే. నేను గీసుకున్న గీత ఏంటంటే నేను కొన్న డబ్బులు ఎవరి జేబులోకి పోతున్నాయి అన్నది, అనుమానం ఉన్నవి సెకండ్ హ్యాండ్‌లో మాత్రమే. ఇది పూర్తిగా న్యాయమైన గీత అని నేను వాదించను, మా ఆయన అయితే అసలు ఒప్పుకోడు, ఈ విషయం మీద మా ఇద్దరికీ తెగని పంచాయితీ. ఇంకొకటి, మేహెమ్ పేరుతో ఒక బూట్‌లెగ్, అంటే అనుమతి లేకుండా వేసిన ఆల్బమ్, తిరుగుతుంటుంది, వాళ్ళ పాత గాయకుడు ఆత్మహత్య చేసుకున్నప్పటి ఫోటో అట్ట మీద వేసి అమ్మేది, కలెక్టర్లు దానికి వేలకి వేలు పెడతారు. ఇంట్లో పాప ఉంది, లేకపోయినా కొనను.

సరే, ఎక్కడ కొంటాను అని కదా మీ ప్రశ్న. ఆ హెల్వెటె షాపు 1993లోనే మూతపడింది, తర్వాత అదే చోట నేసెబ్లోడ్ రికార్డ్స్ అని చాలా ఏళ్ళు నడిచింది, ప్రపంచం నలుమూలల నుంచి ఫ్యాన్స్ అక్కడికి వచ్చి గోడల ఫోటోలు తీసుకుని పోయేవాళ్ళు. కానీ అలాంటి చోట టూరిస్ట్ రేట్లు ఉంటాయి, నాకు ఇష్టమైన చోటు లొప్పెమార్కెడ్. ఏడాదికి రెండు సీజన్లు, వసంతంలో ఒకసారి, ఆకులు రాలేటప్పుడు ఒకసారి, స్కూల్ బ్యాండ్ పిల్లల యూనిఫామ్‌లకీ టూర్లకీ డబ్బుల కోసం అమ్మానాన్నలు స్కూల్ జిమ్‌లో పాత సామాను పోగేసి అమ్ముతారు. తలుపు తెరవకముందే బయట లైను, అందరూ ఫర్నిచర్ మీద పడతారు, నేను తిన్నగా రికార్డుల అట్టపెట్టెల దగ్గరికి. నూటికి తొంభై పాత డాన్సు పాటలు, క్రిస్మస్ పాటలే. ఆ మధ్యలో ఎవరో అన్నయ్య పెళ్ళయ్యాక అటక మీద వదిలేసిన సీడీలు దొరుకుతాయి చూడండి, ఆ సంతోషం వేరు. వాఫిల్, కేకు ముక్కా అమ్మే ఆంటీలు దెయ్యం బొమ్మ అట్టకి బిల్లు వేస్తూ చాలా మర్యాదగా బాగుంది అంటారు.

సీడీలే కొనండి అని నా సలహా. అప్పట్లో వినైల్ చాలా తక్కువ నొక్కారు కాబట్టి మొదటి ప్రెస్, అంటే మొదటిసారి నొక్కిన కాపీల, రేట్లు మనలాంటి జీతగాళ్ళకి కాదు. సీడీ అసలైన మొదటి ప్రెస్సా కాదా అని తెలుసుకోవడానికి ఒక చిన్న కిటుకు ఉంది, వెనక్కి తిప్పి మధ్య కన్నం చుట్టూ వెలుతురులో చూడండి, ఐఎఫ్‌పీఐ అని చిన్న అక్షరాల కోడ్ ఉంటే అది 1994లో గానీ తర్వాత గానీ నొక్కింది, ఎందుకంటే ఆ కోడ్ పెట్టడం మొదలైందే 1994లో. 1992 ఆల్బమ్ ఒరిజినల్ అని చెప్పి ఆ కోడ్ ఉన్న సీడీకి రేటు పెంచితే నమస్కారం పెట్టి వచ్చేయండి. విదేశాల నుంచి తెప్పిస్తే నార్వేలో 25 శాతం టాక్స్ పడుతుంది, అది కూడా లెక్కలో వేసుకోండి. వినైల్ పిచ్చి ఉన్నవాళ్ళకి ఒక్క మాట, ఇక్కడ చలికాలం హీటర్లతో ఇల్లు బాగా పొడిగా అయిపోతుంది, రికార్డు కవర్లోంచి తీస్తుంటే చిటపటమని కరెంటు, దుమ్మంతా అంటుకుంటుంది, కాగితం కవర్లు మార్చి యాంటీ స్టాటిక్‌వి వేసుకోండి.

మొదలుపెట్టాలనుకునేవాళ్ళు బెర్గ్‌టాట్ వినండి, నచ్చితే ఇమ్మోర్టల్ 1999లో చేసిన ఎట్ ద హార్ట్ ఆఫ్ వింటర్, ఈ రకంలో మామూలుగా ఉండే సైతాను గొడవలేమీ అందులో లేవు, వాళ్ళు ఊహించుకున్న మంచు రాజ్యం గురించే అంతా, ఆ తర్వాతే ఎంపరర్. డార్క్‌థ్రోన్ చివర్న. హైదరాబాద్ ఎండలో ట్రాఫిక్‌లో వింటే ఎక్కదు, ఏసీ పెట్టుకుని లైట్లు ఆపి రాత్రి వినండి, కావాలంటే తర్వాత వచ్చి నన్ను తిట్టండి. బెర్గెన్ రైలు వీడియో ఎడిటింగ్‌లో ఉంది, వచ్చే వారం పెడతా. పాపని స్కూల్ నుంచి తీసుకురావాలి, ఉంటానండి.