పొరుగింటి పొత్తు

శ్రోతలకు నమస్కారం. కొడుకు సొంతంగా వ్యాపారం పెట్టుకుంటానంటే సంతోషించే తండ్రే, పక్కింటాయనతో కలిసి పెడుతున్నానంటే ముఖం ముడుచుకుంటాడు. ఆ కోపంలో న్యాయం ఎంతో ఈవేళ కాస్త విడదీసి చూద్దాం.

భీమవరం ప్రాంతంలో ఒక ఇంటిని అనుకుందాం. తండ్రి వరి రైతు. ఇంటికీ చేనికీ పొరుగువాడైన ఆసామి కొన్నేళ్ల క్రితం తన చేను తవ్వించి రొయ్యల చెరువు వేశాడు. ఉప్పునీటి ఊట దిగి తన వరి ఎర్రబడిందని ఈయన, బోదె పూడ్చింది మీరేనని ఆయన, పెద్దల ముందు మాటా మాటా అనుకున్నారు. ఇప్పుడు కొడుకు అదే మనిషితో సగం వాటాకు కలిసి, ఆ పక్కనే మరో చెరువు లీజుకు తీసుకున్నాడు. తండ్రికి ఆ సంగతి తెలిసింది మేత కొట్టు దగ్గర, ఎవరి నోటో. "ఇన్నేళ్లు వ్యవసాయం చేసినవాణ్ని, నన్నొక్క మాట అడగాలనిపించలేదట్రా?" అన్నాడాయన. ఆ మాటకు కొడుకు దగ్గర జవాబు లేదు. అడిగితే వద్దంటారని తెలిసే అడగలేదు.

ఆయన పైకి అనేదంతా పాత గొడవ గురించే. లోపలి భయం వేరే ఉంది, నా మటుకు నాకు అదే సబబైనదిగా కనిపిస్తుంది. వనామీ రకం రొయ్యల పంట దాదాపు 100 నుంచి 120 రోజులది. అన్నాళ్లూ సీడు, మేత, నీటికి గాలి అందించే ఏరియేటర్ల కరెంటు, అది పోతే డీజిలు, అన్నీ ఖర్చులే. మేత చాలాచోట్ల అరువు, లెక్క తేలేది పట్టుబడి నాడు. తెల్లమచ్చల వైరస్ తగిలిందంటే మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రేలో వేసిన మేత వేసినట్టే ఉంటుంది, రొయ్యలు నీరసించి గట్టు వారకు చేరతాయి, అమ్మకానికి తగిన సైజు, అంటే కౌంటు, రాకముందే పట్టేయాల్సి వస్తుంది. అప్పుడు అరువిచ్చినవాడు ఎవరి గుమ్మం ఎక్కుతాడు? 1932 నాటి భాగస్వామ్య చట్టం 25వ సెక్షన్ ప్రకారం సంస్థ బాకీకి భాగస్తులందరూ కలిసీ బాధ్యులే, విడివిడిగానూ బాధ్యులే. సగం వాటా వాళ్లిద్దరి మధ్య మాట; అప్పులవాడు మొత్తం సొమ్ము ఒక్కడి దగ్గరే రాబట్టుకోవచ్చు. హామీ సంతకం పెట్టని తండ్రికి ఆ బాకీతో సంబంధం లేదు గానీ, పొలం పంపకాలు కాని పిత్రార్జితమైతే అందులో కొడుకు వాటా జప్తుకు వచ్చే వీలుంది.

పక్కింటాయన మంచివాడా కాదా అన్న వాదన ఎన్ని రాత్రులు సాగినా తేలదు. భాగస్వామ్య పత్రం రాసుకున్నారా అన్న ప్రశ్నకు మాత్రం జవాబు వెంటనే దొరుకుతుంది. వాటాల సంగతి ఏమీ అనుకోకపోతే, ఒకరు పెట్టుబడి ఎక్కువ పెట్టినా చట్టం లాభనష్టాలను చెరిసగం చేస్తుంది. సంస్థను రిజిస్టరు చేయించకపోతే, రద్దుకూ లెక్కలు తేల్చమనడానికీ తప్ప, ఒప్పందంలోని హక్కు కోసం తోటి భాగస్తుడి మీద దావా వేయడానికి 69వ సెక్షన్ అడ్డుపడుతుంది. బాధ్యత పెట్టుబడి మేరకే ఉండాలనుకునేవారికి 2008 చట్టం కింద ఎల్‌ఎల్‌పీ, అంటే పరిమిత బాధ్యత భాగస్వామ్యం, అనే దారీ ఉంది. ఒక చెరువుకు అంత హంగు అవసరమా అన్నది ఆడిటరును అడగవలసిన మాట.

కొడుకు ఆ పత్రం చిత్తుప్రతిని, సంతకాలు కాకముందే, తండ్రి చేతికి ఇవ్వాలి. వరిచేను వైపు ఊట కాలువ తవ్వించే ఖర్చు సంస్థదేనన్న షరతు అందులో చేర్చమని ఆయన తప్పక అడుగుతాడు, అడగనివ్వండి.