నాస్తికుడి ఇంట్లో అయ్యప్ప స్వాముల భిక్ష

నమస్తే. ఈ వీడియోకి పెద్దగా రాసుకున్నది ఏమీ లేదు, నోటికొచ్చిన వరసలో చెప్తా, మధ్యలో ఆగితే ఏమనుకోకండి.

పోయిన ఆదివారం నల్లగొండలో మా ఇంట్లో అయ్యప్ప స్వాములకు భిక్ష పెట్టాం. దేవుడు లేడని ఈ చానల్‌లో ఇన్నాళ్లుగా మొత్తుకునేవాడి ఇంట్లో భిక్ష ఏందని నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. మా ఇంటావిడ నమ్ముతుంది, నేను నమ్మను. పెళ్లయి ఇరవై రెండేళ్లయినా ఆమె నన్ను మార్చలేదు, నేను ఆమెను మార్చలేదు, పండక్కి పూజ గదికి సున్నం వేసేది మాత్రం నేనే. ఆమె తమ్ముడు ఏటా మాల వేస్తాడు. ఆయనతో పాటు ఇంకో నలుగురు స్వాములు వచ్చారు, విస్తళ్లు వేశాం. మాలలో ఉన్నవాళ్లు ఎదుటి మనిషి ఎవరైనా స్వామీ అనే పిలుస్తారు కదా, ఆ నలభై ఒక్క రోజులు మా బావమరిది నన్ను బావ అనడు, నేనూ ఆయన్ని స్వామీ అనే పిలుస్తా. పిలుపులో నాకు పోయేదేముంది.

మా పెద్దోడు డిగ్రీ రెండో సంవత్సరం. సాంబారు వడ్డిస్తూ వడ్డిస్తూ శబరిమలకు ఆడవాళ్లను ఎందుకు రానియ్యరు అని అడిగాడు. అంతవరకు బాగానే ఉంది, ఆ ప్రశ్న సుప్రీంకోర్టు దాకా పోయింది, 2018లో అన్ని వయసుల ఆడవాళ్లు పోవచ్చని తీర్పు కూడా వచ్చింది. వాడు అక్కడ ఆగలేదు. అయ్యప్ప పుట్టుక మీద ఫోన్‌లో ఎక్కడో విన్న జోకు ఒకటి విసిరాడు. ఒక స్వామి విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. ఇంకొకాయన, “మీ నాస్తికులకు ఎప్పుడూ మా దేవుళ్లే దొరుకుతరా, వేరేవాళ్లను అనే ధైర్యం లేదా” అని నా మీదికి వచ్చాడు. మా బావమరిది మాత్రం లేవలేదు. అన్నం చెయ్యి అట్లనే పెట్టుకుని నా వైపు చూసి, “బావా” అన్నాడు. మాల వేసుకున్నాక పదిహేడు రోజుల్లో మొదటిసారి.

“బావా, మీ నాయన పోయిన రోజు యాదున్నదా?”

యాదికి లేకుండా ఎట్ల ఉంటది. 2011లో మా నాయన పోయినప్పుడు నేను తలకొరివి పెట్టనన్నాను, గుండు చేయించుకోనన్నాను. అందులో సిద్ధాంతం ఎంతో, పొగరు ఎంతో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. మా చిన్నాయన కొడుకు కొరివి పట్టుకుంటానని ముందుకొచ్చాడు గానీ, కన్నకొడుకు ఎదురుగా ఉండగా ఇంకొకడు ఎట్ల పెడతాడని కులపెద్దలు ఒప్పుకోలేదు. ఎండలో మూడు గంటలు శవం లేవలేదు. నేను రాజ్యాంగం చెప్పాను, మనస్సాక్షి స్వేచ్ఛ అన్నాను, ఇరవై అయిదో అధికరణ నమ్మేవాళ్లకే కాదు నమ్మనివాళ్లకు కూడా అన్నాను, ఒక్కడు వినలేదు. అప్పుడు ఈ బావమరిదే, నిలువెల్లా భక్తి ఉన్న మనిషి, వాళ్ల మధ్యలోకి పోయి “ఇష్టం లేనోని చేత పెట్టిస్తే పోయినాయనకు ముట్టదు, ఆ పాపం మీరే మూటగట్టుకుంటరు” అన్నాడు. రెండు నిమిషాల్లో పాడె లేచింది. (పిండం పెట్టిన రోజు కాకి ముట్టడానికి గంట పట్టింది, అదీ నా ఖాతాలోనే వేశారు, అది వేరే సంగతి.)

ఆ మనిషి ముందు నా కొడుకు ఆ జోకు వేశాడు. వాడు నా వీడియోలు చూసి పెరిగినోడే. ఆ జోకు నేను చెప్పలేదు గానీ ఆ ఎగతాళి గొంతు మాత్రం నాదే, అది నాకు తెలుస్తూనే ఉంది.

మన పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని కొడంగల్ గుర్తుందా మీకు, 2022 డిసెంబర్? నాస్తిక సంఘం నాయకుడు బైరి నరేష్ అక్కడ సభలో అయ్యప్ప పుట్టుక గురించి మాట్లాడాడు, ఆ వీడియో పాకింది, రాష్ట్రమంతా స్వాములు రోడ్ల మీద కూర్చున్నారు, ఏడాది ఆఖరికల్లా ఆయన అరెస్టయ్యాడు, బయటికొచ్చాక హనుమకొండలో ఆయన మీద దాడి కూడా జరిగింది. మాటకు కేసు పెట్టి జైల్లో వేయడం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు, కొట్టడమైతే ఇంకా తప్పు. కానీ నా మటుకు నేను ఒకటి అడుగుతా, ఆ మాటతో ఒక్క మనిషన్నా గుడి గడప దగ్గర ఆగి ఆలోచించాడా? ఆ జనవరిలో మా వీధిలో మాలలు తగ్గలేదు, కోపాలు పెరిగాయి. పోలీసులేమో వాళ్ల లెక్కలో వాళ్లుంటారు. 2018 జూలైలో రాముడి మీద మాటలకు సినిమా విమర్శకుడు కత్తి మహేష్‌ను ఆరు నెలలు హైదరాబాద్ నుంచి బహిష్కరించారు, దానికి నిరసనగా యాదాద్రికి పాదయాత్ర అన్న పరిపూర్ణానంద స్వామిని కూడా రెండు రోజుల తేడాతో ఆరు నెలలు బహిష్కరించారు. అన్నవాడు ఊళ్లో లేడు, కాదన్నవాడు ఊళ్లో లేడు, అసలు విషయం మీద చర్చ ఏమైందో ఎవరూ అడగలేదు.

ఇక ఆ స్వామి అడిగిన ప్రశ్న, మా దేవుళ్లే దొరుకుతరా అని. దీనికి నేను ఎన్నేళ్లుగానో ఒకటే జవాబు చెప్తుండేవాణ్ని, నేను పుట్టింది హిందువుల ఇంట్లో, నా మెడకు పడింది ఈ తలకొరివే గానీ ఇంకొకరి ఆచారం కాదు, అందుకే ముందు నా ఇంటి సంగతి మాట్లాడతా అని. జవాబు తప్పేం కాదు, కొంచెం సులువైంది అంతే. మన దగ్గర మతాలు ఏ గోడకు ఆ గోడ కట్టుకుని లేవు కదా. నల్లగొండ, సూర్యాపేట పక్క ఊళ్లలో ఎంతమంది హిందువులకు సైదులు, సైదమ్మ అని పేర్లున్నాయో లెక్కపెట్టండి, జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకుని పెట్టిన పేర్లు అవి. తాయత్తు దర్గా దగ్గర కట్టినా, నిమ్మకాయ గుడి దగ్గర తిప్పినా, ప్రార్థన కూటంలో తల మీద చెయ్యి పెట్టి షుగర్ మందులు ఆపేయమన్నా నేను ఒకే తీరుగా మాట్లాడాలి. మాట్లాడానా? గుడి మీద నలభై వీడియోలుంటే మిగతా రెండింటి మీద కలిపి మూడున్నాయి. ఆ ప్రశ్న అడిగేవాళ్లలో చాలామందికి జవాబుతో పని లేదని నాకు తెలుసు, అయినా లెక్క లెక్కే.

మన జిల్లాకు నాస్తికులు కొత్తేం కాదు. 1952లో మొదటి లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయి. కమ్యూనిస్టు, పార్టీ మీద నిషేధం ఉండి పీడీఎఫ్, అంటే పీపుల్స్ డెమోక్రాటిక్ ఫ్రంట్ పేరుతో నిలబడ్డాడు. ఆ ఓట్లు వేసిన చేతులే యాదగిరిగుట్టలో కొబ్బరికాయలు కొట్టాయి. సంఘం వాళ్లకు, అంటే ఆ కమ్యూనిస్టులకు, దేవుడి మీద ఏం అభిప్రాయమో ఊళ్లకు తెలియక కాదు, వెట్టి ఆపింది ఎవరో, భూమి పంచింది ఎవరో చూసి వేశారు. అటు కృష్ణా జిల్లాలో గోరా ఉన్నాడు, నాస్తికుడన్న కారణంతో కాలేజీ ఉద్యోగం పోగొట్టుకున్నాడు, 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టాడు, గాంధీతో దేవుడి మీద ముఖాముఖి వాదించాడు. పెద్దకూతురి పెళ్లి దళిత యువకుడితో చేశాడు. గాంధీ చనిపోయిన కొద్ది వారాలకే సేవాగ్రామ్‌లో జరిగింది ఆ పెళ్లి. మెత్తగా మాట్లాడే మనిషేం కాదు, కానీ మాటతో పాటు ఇంటి పిల్లను ముందు పెట్టాడు.

ఇంతవరకు విని, అయితే మర్యాదగా మాట్లాడితే గొడవే ఉండదు అంటున్నావన్నమాట అని మీరు అనుకుంటే, లేదు. మహారాష్ట్రలో మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దాభోల్కర్ దేవుడి జోలికే పోనని చెప్పినవాడు, మోసం చేసే బాబాల మీదే కొట్లాడాడు, ఎవర్నీ వెక్కిరించలేదు. 2013 ఆగస్టు 20 పొద్దున పుణెలో వాకింగ్‌కు వెళ్తే కాల్చి చంపారు. ఆయన ఏళ్ల తరబడి అడిగిన మూఢనమ్మకాల వ్యతిరేక చట్టం ఆయన చచ్చిపోయాకే మహారాష్ట్రలో వచ్చింది. కాబట్టి ‘మాకు నీ తీరు నచ్చలేదు’ అనేవాళ్లందరికీ అసలు బాధ తీరు మీదే అని నేను నమ్మను. కొందరికి దుకాణం మీద బాధ. వాళ్లతో నేను మెత్తగా మాట్లాడను.

మన దగ్గర ఆ దుకాణం పేరు బాణామతి. చేతబడి చేసిందని ఒంటరి ముసలామెను కొట్టిన వార్త జిల్లా పేపర్లో ఎన్నిసార్లు చదవలేదు మనం. ఇలాంటిదే ఒక గొడవ అయితే, నేనూ ఇద్దరు మిత్రులూ నాగర్‌కర్నూల్ పక్కన ఒక ఊరికి పోయి మేజిక్ షో పెట్టాం. పసుపు నీళ్లలో సున్నం కలిపి నెత్తురు చేశాం, పర్మాంగనేట్ మీద గ్లిజరిన్ చుక్కలు వేసి అగ్గిపుల్ల లేకుండా మంట పుట్టించాం, నాలుక మీద కర్పూరం వెలిగించాం. పిల్లలు చప్పట్లే చప్పట్లు. మంత్రగాడి గుట్టు విప్పేశామని మేం ఉబ్బిపోయాం. అయిపోయి సామాను సర్దుకుంటుంటే ఒక ముసలామె దగ్గరికొచ్చింది, “మంచిగ చెప్పినవు బిడ్డా, ఆయనది దొంగ విద్యనే అనుకో. మరి నడిజామున పోరనికి ఫిట్స్ వస్తే యాడికి పోవాలె?” అని అడిగింది. ఆస్పత్రి పన్నెండు కిలోమీటర్లు, ఆ రాత్రి ఆటో దొరకదు. మంత్రగాడు మాత్రం ఎన్నింటికి తలుపు కొట్టినా లేస్తాడట. 108కి ఫోన్ చెయ్యమన్నాను. “సిగ్నల్ ఉంటె కదా” అంది, అని నవ్వింది కూడా.

ఆ ఊరికి మళ్లీ పోలేదు నేను. షోలు మాత్రం ఇంకా చాలా చేశాను.

సోమవారం పొద్దున మా పెద్దోణ్ని బండెక్కించుకుని పానగల్లు తీసుకుపోయా, ఛాయా సోమేశ్వరాలయానికి. నల్లగొండవాళ్లకు చెప్పాల్సిన పని లేదు, తెలియనివాళ్ల కోసం, గర్భగుడిలో లింగం వెనక గోడ మీద స్తంభం లాంటి నీడ ఒకటి పడుతుంది, ఎండ ఏ పక్క తిరిగినా పగలంతా అక్కడి నుంచి కదలదు. దేవుడి మహిమ అని కొందరు, మహిమ లేదు మన్ను లేదు అని నాలాంటివాళ్లు. బయటి స్తంభాలకు రెండు పక్కల నుంచి తగిలే వెలుతురు లోపల అట్లా నీడగా పడుతుందని చెప్పి, వీడు కనీసం సైన్స్‌కైనా సంతోషిస్తాడనుకున్నా. వాడు చాలాసేపు చూసి, “మరి తొమ్మిది వందల ఏండ్ల కింద ఈ రాళ్లు పెట్టినోని పేరు ఎవరికన్నా తెల్సా డాడీ?” అన్నాడు. నేను ఇరవైసార్లు పోయుంటా ఆ గుడికి, ఇరవైసార్లూ మహిమ కాదని నిరూపించే వచ్చా, ఆ మేస్త్రీ సంగతి నాకు ఎప్పుడూ తట్టలేదు.

వచ్చేటప్పుడు మామకు ఫోన్ చెయ్యిరా అన్నా. సారీ చెప్తా గానీ శబరిమల ప్రశ్న వెనక్కి తీసుకోనన్నాడు. తీసుకోవద్దనే చెప్పా.

చేశాడు. అటునుంచి బావమరిది విన్నాడట, మాల తీసేదాకా మీ ఇంటికి రాను, తీసినాక వచ్చి నీ ప్రశ్నకు జవాబు చెప్తా, అప్పటిదాకా నువ్వు కూడా కొంచెం చదువు అన్నాడట. ఇంకా పద్దెనిమిది రోజులుంది. వీడు నా అలమారలోంచి పుస్తకాలు తీసి మంచం మీద పరుచుకున్నాడు, మా ఇంటావిడ ఇంకా నాతో మాట్లాడట్లేదు.