గెడ్డలో దొరికిన పరుపు

ఆకాశవాణి శ్రోతలకు నమస్కారం.

రెండేళ్ల కిందట వానాకాలంలో మా వీధి వెనక గెడ్డ పొంగింది. ఉత్తరాంధ్ర బయటి శ్రోతలెవరైనా వింటూ ఉంటే వాళ్ల కోసం చెబుతున్నాను, గెడ్డ అంటే మీరు వాగు అంటారే, అదే. కొండ దిగి, ఊరి మధ్య నుంచి సముద్రంలోకి పోతుంది. విశాఖపట్నంలో ఇలాంటివి చాలా ఉన్నాయి. ఒకప్పుడు వాననీళ్లు పారేవి, ఇప్పుడు ఏడాది పొడుగునా మురుగు పారుతోంది. ఆ రాత్రి ఆ మురుగంతా కింది వాటాల్లోకి వచ్చేసింది. మంచాల కింద దాచుకున్న బియ్యం బస్తాలు తడిసిపోయాయి. పిల్లల పుస్తకాలు మేడమీద ఆరబెట్టుకున్నారు.

మర్నాడు వీధి వీధంతా గుమ్మాల్లో నిలబడి అధికారుల్ని తిట్టింది. నేనూ తిట్టాను, దాచడం ఎందుకు. టీ తాగినంతసేపు తిట్టుకున్నాక, ఎదురింటాయన "తిట్టింది చాలుగానీ మాస్టారూ, కాగితం ఎవరు రాస్తారు?" అన్నారు. అందరూ నావైపు చూశారు. బడిపంతులుగా పనిచేసి రిటైరైనవాడికి ఇలాంటివి తప్పవు.

రాయడానికి పావుగంట పట్టింది. సంతకాలకి రెండు రోజులు పట్టింది. "అద్దెకున్నవాళ్లం, మాకెందుకండీ" అన్నవాళ్లున్నారు. "రేపు ఎవరైనా వచ్చి నా పేరెందుకుందని అడిగితే?" అన్నవాళ్లున్నారు. రెండో అంతస్తువాళ్లయితే "మా ఇంట్లోకి నీళ్లు రాలేదు కదా" అన్నారు. ఎలాగో కొన్ని సంతకాలు పోగుచేసి అర్జీ ఇచ్చి రసీదు తెచ్చుకున్నాం. మూడు వారాలైనా ఎవరూ రాలేదు. రసీదు పట్టుకుని మళ్లీ వెళ్లాం. మూడోసారి వెళ్లాక జేసీబీ వచ్చింది.

అది గెడ్డలోంచి ఏం పైకెత్తిందో వినండి. ఒక పరుపు. సగం సోఫా. కొబ్బరి బొండాలు లెక్కలేనన్ని. థర్మాకోల్ పెట్టెలు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ వినాయకుడి తొండం. ఇంకా, ముడి వేసి ఉన్న ప్లాస్టిక్ సంచులు, ముడి వేసినవి వేసినట్టే. అక్కడ పనిచేస్తున్న మనిషి నన్ను చూసి అన్నాడు: "ఇదంతా మీరేసిందే కదేటి బాబూ. కొండమీంచి పరుపులు కొట్టుకొస్తాయేటి?"

అతనికి నా దగ్గర జవాబు లేదు. ఆ పరుపు ఎవరిదో వీధిలో అందరికీ తెలుసు. ఎవరం చెప్పలేదు.

ప్రజాస్వామ్యంలో పౌరుడి విధుల గురించి మాట్లాడమని ఆకాశవాణి వారు పిలిచినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ పరుపే.

విధి అన్న మాట చూడండి, తెలుగులో ఎంత చిత్రమైనదో. చెయ్యవలసిన పని అనీ అర్థం, తలరాత అనీ అర్థం. రాజ్యాంగంలో 'ప్రాథమిక విధులు' అని రాసుకున్నది మొదటి అర్థంలో. గెడ్డ పొంగినప్పుడు "మన ఖర్మ" అని నిట్టూర్చేది రెండో అర్థంలో. మనం ఎక్కువగా బతికేది ఈ రెండో దాంట్లోనే.

ప్రాథమిక విధులు రాజ్యాంగంలో మొదటినుంచీ లేవు. 1976లో, స్వరణ్ సింగ్ కమిటీ సిఫారసు మీద, 42వ సవరణతో 51-ఎ అధికరణంగా చేరాయి. అప్పుడు పది. 2002లో 86వ సవరణతో పదకొండోది వచ్చింది: ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకి చదువుకునే అవకాశం కల్పించడం తల్లిదండ్రుల, సంరక్షకుల విధి. ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. 1976 అంటే ఎమర్జెన్సీ కాలం. జనం హక్కులు అటకెక్కిన రోజుల్లో విధుల జాబితా దిగింది. అందుకని విధులు అనగానే కొందరు పెద్దవాళ్లు ఇప్పటికీ అనుమానంగా చూస్తారు. ఆ అనుమానంలో న్యాయం ఉంది. హక్కు లేని చోట విధి అంటే వెట్టిచాకిరీయే.

ఇంకో విశేషం. ఓటు వెయ్యడం ఆ పదకొండులో లేదు. పన్ను కట్టడాన్ని చేర్చమని కమిటీ చెప్పింది, అదీ చేరలేదు. వేటికవి వేరే చట్టాలున్నాయనుకోండి. ఉన్నవాటిలో మన ఊరివాళ్లకి పనికొచ్చేవి బోలెడు. ప్రాచీన వారసత్వాన్ని కాపాడుకోవడం ఒకటి. భీమిలి రోడ్డులో తొట్లకొండ ఉంది. రెండువేల ఏళ్ల కిందటి బౌద్ధ భిక్షువుల ఆవాసం. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లే ఆ కొండకి ఆ పేరు. వానచుక్కని అంత జాగ్రత్తగా పట్టుకున్న మనుషులు తిరిగిన కొండ మీదికి పిక్నిక్‌కి వెళ్లి, ఆ తొట్లోనే ఖాళీ సీసా విసిరేసి వచ్చేవాడికి 51-ఎ ఎవరు చదివి వినిపించాలి?

హక్కుల సంగతైతే విశాఖ మనిషికి ఎవరూ నేర్పక్కర్లేదు. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని రాష్ట్రమంతా గొంతెత్తింది 1966లో. పోలీసు కాల్పుల్లో 32 మంది ప్రాణాలు పోయాయి. ఉక్కుకీ హక్కుకీ ప్రాస కుదిరింది గానీ, బాధ్యతకి ప్రాస ఎక్కడ వెతకాలి? అయితే ఆ ఉద్యమాన్ని నినాదంగానే గుర్తుపెట్టుకున్నాం. తర్వాత ఏం జరిగిందో అంతగా గుర్తుపెట్టుకోలేదు. ఉద్యమంలో ముందున్న తెన్నేటి విశ్వనాథం గారిని 1967లో విశాఖ నుంచి లోక్‌సభకి పంపారు. ఉక్కు ఫ్యాక్టరీ ఇక్కడే పెడతామని పార్లమెంటులో ప్రకటన వచ్చింది 1970 ఏప్రిల్ 17న. వీధుల్లో అరిచింది కొన్ని వారాలు, అడుగుతూ కూర్చున్నది ఏళ్లు.

హుద్‌హుద్ తుఫాను గురించి కూడా చెప్పాలి. 2014 అక్టోబరు 12. కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఊళ్లో పచ్చని చెట్టన్నది మిగల్లేదు. మర్నాడు ఎవరూ ఎవరి కోసం ఆగలేదు. కత్తులు, గొడ్డళ్లు పట్టుకుని కుర్రాళ్లు రోడ్లకి అడ్డంపడ్డ చెట్లు నరికారు. బావి ఉన్నవాళ్లు బావి తలుపు తీసిపెట్టారు. పాల ప్యాకెట్టుకి రెట్టింపు ధర చెప్పినవాళ్లూ ఉన్నారు, లేరనను. కానీ ఎక్కువమంది మొదటి రకం. పెద్ద ఆపద వస్తే మనం మంచి పౌరులమే. మామూలు మంగళవారం నాడే ఎక్కడికి పోతామో తెలీదు.

పౌరుడు అంటే పురంలో ఉండేవాడు. ఆ మాటలోనే ఊరు ఉంది. మరి మన ఊరి పాలన సంగతి మనకెంత పట్టింది? మహా విశాఖ నగరపాలక సంస్థకి 2007లో ఎన్నికైన పాలకవర్గం గడువు 2012లో అయిపోయింది. తర్వాతి ఎన్నిక జరిగింది 2021 మార్చిలో. తొమ్మిదేళ్లు, హుద్‌హుద్ వచ్చిన ఏడాదితో సహా, మన వీధికి కార్పొరేటర్ లేడు. అసెంబ్లీకో లోక్‌సభకో అలా జరిగితే దేశం అట్టుడికిపోయేది. మనం గమనించనైనా లేదు. 2021లో 98 వార్డులకి ఎన్నిక జరిగింది. రేడియో వింటున్న మీరు, మీ వార్డు నంబరు చూసుకోకుండా చెప్పగలరా? నేను ఆ అర్జీ రాసినప్పుడు పక్కింటబ్బాయిని అడిగి రాశాను.

ఓటు గురించి రెండే మాటలు. శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చి గాజువాకలోనో మధురవాడలోనో స్థిరపడ్డవాళ్లు మనలో చాలామంది. సొంతూళ్లో ఒక ఓటు, ఇక్కడొకటి ఉంచుకోవడం తప్పేం కాదనుకుంటారు. తప్పే. ఒక మనిషి పేరు ఒక్క నియోజకవర్గంలోనే ఉండాలి. దరఖాస్తులో తెలిసి అబద్ధం రాస్తే ఏడాది దాకా జైలుశిక్ష వేయొచ్చు. ఇల్లు మారితే ఫారం 8, కొత్తగా చేరితే ఫారం 6. పద్దెనిమిది నిండే పిల్లలు ఇప్పుడు జనవరి ఒకటి దాకా ఆగక్కర్లేదు, ఏప్రిల్, జూలై, అక్టోబరు ఒకటో తేదీలు కూడా లెక్కలోకి వస్తాయి.

అయినా ఓటు అయిదేళ్లకొకసారి వచ్చే పని. మిగతా రోజుల్లో చెయ్యవలసింది అడగడం. అడగడం హక్కు అంటారు అందరూ. నా మటుకు నాకు అది విధి కూడా. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ గారు హెచ్చరించారు: మతంలో భక్తి ముక్తికి దారి చూపొచ్చు గానీ, రాజకీయాల్లో భక్తి పతనానికే దారి అని. దణ్ణం పెట్టే చేత్తో అర్జీ రాయలేం కదండీ. దారి లేకపోలేదు. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది. పది రూపాయల రుసుము, ముప్ఫై రోజుల గడువు. మా గెడ్డకి ఆ ఏడాది పూడికతీతకి ఎంత మంజూరైందని ఎదురింటాయన అడిగితే, జవాబు గడువులోనే వచ్చింది. అది చదివాక ఆయన ఇంకో అర్జీ రాశారు. అది వేరే కథ.

అడిగేవాడికి ఒక ఇబ్బంది ఉంది. గెడ్డ ఎందుకు పూడిందని ఒక వేలు ఆఫీసువైపు చూపిస్తే, పరుపు సంగతేమిటని వాళ్లు అడుగుతారు. తడి చెత్త, పొడి చెత్త వేరు చెయ్యని ఇంటి నుంచి వెళ్లిన అర్జీకి గొంతు పెగలదు. అందుకే వీధివాళ్లం ఇటువైపు పని కూడా మొదలుపెట్టాం. చందాలేసుకుని గెడ్డ గోడ మీద ఇనుప వల కట్టించాం. పరుపు వేసినాయనే అందరికంటే ఎక్కువ ఇచ్చారు, ఎందుకని ఎవరూ అడగలేదు.

మొన్నటి వానకి నీళ్లు గుమ్మం దాకా వచ్చి ఆగాయి. కింది వాటా ఆవిడ చీపురుతో మెట్లు కడుక్కుంటూ ఉన్నారు. అంతలో పైనుంచి ఏదో పడి, వలకి తగిలి ఊగింది. నల్ల సంచీ, ముడి వేసి ఉంది. ఆవిడ చీపురు పట్టుకునే తలెత్తి, "ఎవరమ్మా అదీ?" అని గట్టిగా కేకేశారు.

పైన ఒక కిటికీ రెక్క మూసుకున్న చప్పుడు వినపడింది.

సెలవు.