బీ కాంప్లెక్స్ గోలీలో బలం ఉంటుందా?

మొన్న జడ్చర్లలో మందుల షాపు దగ్గర ఒక పెద్దాయన అడిగాడు: "పటేలా, ఈ బీ కాంప్లెక్స్ గోలీ మింగితే బలమొస్తదా?" గోలీలో బలం లేదు తాతా, బలం రొట్టెలో ఉంది అన్నాను. మరి గోలీ ఎందుకు అన్నాడు. దానికే ఈ వీడియో.

సీజన్లో బాదేపల్లి మార్కెట్‌ చూశారా? పల్లికాయ కుప్పలు పోసి ఉంటుంది. హమాలీలు సంచి నింపుతారు, మోస్తారు, గుమ్మరిస్తారు. ఖాళీ సంచి మళ్లీ కుప్ప దగ్గరికే. సంచులు లేకపోతే ఎంత కుప్ప ఉన్నా అక్కడే పడి ఉంటుంది. కుప్పే లేకపోతే సంచులు కొని ఏం లాభం?

మన కణంలో ఆ సంచి పేరు ఎన్ఏడీ. ఆ గోలీలో ఉండే బీ3 విటమిన్, అదే నియాసిన్ నుంచి ఒళ్లు దీన్ని తయారు చేసుకుంటుంది. జొన్న రొట్టె అరిగి గ్లూకోజ్ అవుతుంది కదా, అది విరిగేటప్పుడు వచ్చే ఎలక్ట్రాన్లను ఎన్ఏడీ ఎత్తుకుంటుంది. నిండితే ఎన్ఏడీహెచ్. మైటోకాండ్రియాలో, అంటే కణంలో శక్తి తయారయ్యే చోట దించితే, ఆ శక్తితో ఏటీపీ తయారవుతుంది. కణం పనులకు ఖర్చు పెట్టుకునే శక్తి అణువు అదే. ఒక్క గ్లూకోజ్ అణువు పూర్తిగా ఖర్చయితే 10 సంచులు నిండుతాయి, సంచికి సుమారు 2.5 ఏటీపీ. (ఏటీపీని 1929లో గుర్తించినవాళ్లలో మన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. ఆ ముచ్చట ఇంకోసారి.)

సంచులు చినుగుతాయి కూడా. దెబ్బతిన్న డీఎన్ఏను బాగుచేసే ఎంజైములు ఎన్ఏడీనే కోసి వాడుకుంటాయి. కొత్తవి రాకుంటే పెల్లాగ్రా అనే జబ్బు వస్తుంది. ఎండ తగిలే చేతుల మీద, మెడ చుట్టూ దండ వేసినట్టు చర్మం నల్లబడి పొలుసులు లేస్తుంది. విరేచనాలు పట్టుకుంటాయి. ముదిరితే మతి తప్పుతుంది.

ఇది మక్కలు తినేవాళ్ల జబ్బుగానే పేరుపడింది. 1960లో హైదరాబాద్‌లో పోషకాహార శాస్త్రవేత్త సి. గోపాలన్ సహచరుడితో కలిసి జొన్న తినే పేదల్లో దీన్ని పరిశీలించి, జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం కారణం కావచ్చన్నారు. దాని మీద తర్వాత చాలా వాదన నడిచింది. నేనైతే జొన్నను తిట్టను. పొద్దున గట్క, మాపు గట్క, నంజుకోను పచ్చిమిరపకాయ తప్ప ఏమీ లేకపోవడమే తప్పు.

అదే రొట్టె పక్కన పల్లికారం పెట్టుకోండి. 100 గ్రాముల పల్లీల్లో సుమారు 12 మిల్లీగ్రాముల నియాసిన్ ఉంటుంది, పెద్దవాళ్లకు రోజంతా కావలసింది సుమారు 15. నిజంగా లోటున్నవాళ్లకు డాక్టర్ గోలీ రాస్తాడు, అది వేరే లెక్క.

ఆయనకూ ఇదే చెప్పాను. నవ్వి, "పల్లీలన్నీ మార్కెట్ల గుమ్మరించొచ్చిన బిడ్డా, ఇంట్ల కిలో గూడ ఉంచుకోలె" అన్నాడు.