చెంగ్డూ నుంచి లాసా దాకా: జీ318 గ్రూప్ రైడ్ పూర్తి రివ్యూ

నమస్తే అండీ. ఈసారి రివ్యూ ఒక రోడ్డు మీద. చైనా నేషనల్ హైవే జీ318. షాంఘైలో మొదలై, నేపాల్ సరిహద్దులో ఉన్న జాంగ్‌మూ దాకా 5,476 కిలోమీటర్లు పోతుంది. అందులో బైకర్లంతా కలలు కనే ముక్క చెంగ్డూ నుంచి లాసా వరకు, సుమారు 2,140 కిలోమీటర్లు. "ఈ జన్మలో 318 మీద బండి నడపాల్సిందే" అన్న అర్థం వచ్చే చైనీస్ బోర్డు ఒకటి ఉంది, దాని పక్కన నిలబడి ఫొటో దిగనివాళ్ళు తక్కువ. ఆ మాట నిజమే. కాకపోతే ఎలా నడపాలో బోర్డు మీద ఉండదు కదా, ఆ సంగతి ఇక్కడ మాట్లాడుకుందాం. ఆరు నుంచి ఎనిమిది బళ్ళ గ్రూపుని దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాం.

ముందుగా రోడ్డు సంగతి. తారు బాగుంటుంది. ఒకప్పుడు భయపెట్టిన తోంగ్‌మాయ్ దగ్గర ఇప్పుడు వంతెనలూ సొరంగాలూ వచ్చేశాయి. లదాఖ్ వెళ్ళొచ్చిన మనవాళ్ళకి ఈ రోడ్డు నడపడంలో కష్టం పెద్దగా అనిపించదు. అసలు కష్టం ఎత్తుతో. ఎంత ఎత్తు ఎక్కుతున్నాం అనేదాని కన్నా, రాత్రి ఏ ఎత్తులో పడుకుంటున్నాం అన్నది ముఖ్యం. గ్రూపు ప్లాన్ మొత్తం ఈ ఒక్క లెక్క మీద వేసుకోవాలి.

స్క్రీన్ మీద మ్యాప్ చూడండి. చెంగ్డూ 500 మీటర్లు. మొదటి రోజు సాయంత్రానికి కాంగ్‌డింగ్, సుమారు 2,500. మన తెలుగు రాష్ట్రాల్లో అన్నిటికన్నా ఎత్తైన కొండలు పాడేరు వైపు ఉన్నాయి, అవి కూడా 1,700 మీటర్ల లోపే. అంటే మొదటి రోజే వాటిని దాటేసి ఇంకా పైన ఉంటారు. మర్నాడు ఊళ్ళోంచి బయటికి రాగానే జెదువో కనుమ, 4,298 మీటర్లు. చాలామంది ప్లాన్ ఎలా ఉంటుందంటే: రెండో రాత్రి షిన్‌దూచియావ్‌లో, మూడో రాత్రి లీతాంగ్‌లో. షిన్‌దూచియావ్ సుమారు 3,400, లీతాంగ్ 4,014. చూడ్డానికి రెండూ అద్భుతమైన చోట్లు. పడుకోవడానికి మాత్రం అప్పుడే కాదు. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్లకి మించి పెంచకూడదు, మూడు నాలుగు రోజులకోసారి ఆగాలి. కొండల వైద్యులు చెప్పే పాత నియమం ఇది. మనాలీ–లేహ్ దారిలో సర్చూ దగ్గర టెంట్లలో రాత్రంతా తలనొప్పితో కూర్చునేవాళ్ళది ఇదే తప్పు.

దీనికి దారి ఆ రోడ్డులోనే ఉంది. జీ318 ఒక కనుమ ఎక్కుతుంది, వెంటనే ఒక నది లోయలోకి దిగుతుంది. లోయ ఊళ్ళు పట్టుకోండి. కాంగ్‌డింగ్‌లో రెండు రాత్రులు ఉండండి. మధ్య రోజు లగేజీ లేకుండా జెదువో పైదాకా వెళ్ళి అరగంట ఉండి కిందికి వచ్చేయండి. తర్వాతి రాత్రి యాజియాంగ్, సుమారు 2,600 మీటర్లు, 150 కిలోమీటర్ల ప్రయాణం. ఆ తర్వాతిది పొడవైన రోజు: యాజియాంగ్ నుంచి 4,659 మీటర్ల జియాన్‌జీవాన్, 4,718 మీటర్ల కాజీలా ఎక్కి, లీతాంగ్‌లో మధ్యాహ్నం భోంచేసి, హైజీషాన్ దాటి బాతాంగ్‌కి దిగాలి. 300 కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ. బాతాంగ్ మళ్ళీ 2,600 లోపే. ఉదయం ఏడింటికల్లా బండ్లు కదిలితేనే ఇది వెలుగుండగా పూర్తవుతుంది.

బాతాంగ్ తర్వాత జిన్‌షా నది దాటితే టిబెట్. అది యాంగ్జీ నది పై భాగమే. అక్కణ్ణించి మాంగ్‌ఖాంగ్‌లో ఆగకుండా లాన్‌చాంగ్ నది ఒడ్డున ఉన్న రూమెయ్ దాకా దిగండి. ఆ లాన్‌చాంగే కిందికి పోయి మెకాంగ్ అవుతుంది. మర్నాడు దోంగ్దా కనుమ, బోర్డు మీద 5,130 మీటర్లు, ఈ దారిలో అన్నిటికన్నా ఎత్తు. అప్పటికి ఒంటికి అలవాటవుతుంది కాబట్టి జువోగాంగ్‌లో 3,800 దగ్గర పడుకున్నా ఇబ్బంది తక్కువ. ఆ తర్వాత బాసూ, బోమీ, లింజీ, లాసా. చెంగ్డూలో బయల్దేరిన రోజుతో కలిపి 10 రోజులు, ఒక రోజు చేతిలో ఉంచుకుంటే 11. ఎనిమిది రోజుల ప్యాకేజీలు అమ్ముతుంటారు. గ్రూపుతో వెళ్ళేవాళ్ళకి అవి వద్దనే చెబుతాం, ఎందుకంటే ఎనిమిది మందిలో ఎవరో ఒకరి ఒళ్ళు నెమ్మదిగా అలవాటు పడుతుంది. అది ఎవరన్నది ముందుగా తెలియదు, రోజూ జిమ్‌కి వెళ్ళేవాళ్ళే కావచ్చు.

మందుల విషయం క్లుప్తంగా. ఎత్తు వల్ల వచ్చే జబ్బు రాకుండా వేసుకునే అసిటజోలమైడ్ 125 మిల్లీగ్రాములు, రోజుకి రెండుసార్లు, ఎక్కడానికి ముందు రోజు నుంచి, ఇది సాధారణంగా ఇచ్చే డోసు. మీ డాక్టర్‌ని అడక్కుండా వేసుకోవద్దు, సల్ఫా మందులు పడనివాళ్ళయితే మరీ జాగ్రత్త. కూర్చుని ఉన్నా ఆయాసం, తగ్గని దగ్గు, నడకలో తూలడం, మాటలో తడబాటు, వీటిలో ఏది కనిపించినా ఆ మనిషి ఇక బండి ఎక్కకూడదు. కారులో వెంటనే కిందికి దింపాలి. ఆక్సిజన్ డబ్బా పెట్టి పొద్దున్న చూద్దాం అనుకోవడం ప్రాణం మీదికి తెస్తుంది.

ఇప్పుడు కాగితాలు. ఇక్కడ లోతుగా చెప్పాలి, ఎందుకంటే పైన చెప్పిన రాత్రుల లెక్క కాగితాల దగ్గరే చెడుతుంది.

భారతీయులకి చైనా టూరిస్ట్ వీసాలు 2025 జులై 24 నుంచి మళ్ళీ ఇస్తున్నారు. మన బండి మీద మన సరిహద్దు దాటి టిబెట్‌లోకి వెళ్ళే దారి లేదు. కాబట్టి చెంగ్డూలో అద్దె బండి. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ చైనాలో చెల్లదు. మన లైసెన్సుకి అధికారిక చైనీస్ అనువాదం పెట్టి తాత్కాలిక లైసెన్సు తీసుకోవాలి. మన లైసెన్సులో గేర్ ఉన్న మోటార్ సైకిల్ ఉంటేనే అక్కడా అది ఇస్తారు. కారు లైసెన్సు మాత్రమే ఉంటే కుదరదు. టిబెట్‌కి వేరే పర్మిట్. విదేశీయులకి అది ఏజెన్సీ ద్వారానే వస్తుంది, గైడు తప్పనిసరి. లాసా దాటి తిరగడానికీ, మాంగ్‌ఖాంగ్, జువోగాంగ్, బాసూ లాంటి తూర్పు జిల్లాలకీ అదనపు పర్మిట్లు ఉంటాయి. ఆ జిల్లాలని ఒక్కోసారి ముందు చెప్పకుండా మూసేస్తారు. మార్చి నెలలో టిబెట్ మొత్తం విదేశీయులకి మూసి ఉండటం మామూలే.

అసలు మెలిక ఏంటంటే, ఏ రాత్రి ఏ ఊళ్ళో ఉంటారో ఆ పర్మిట్‌కి ఇచ్చిన ప్రోగ్రామ్‌లోనే రాసి ఉంటుంది. దారిలో ఎవరికో బాగాలేదని ఒక రోజు ఆగుదామంటే గైడు ఫోన్ల మీద ఫోన్లు చేయాలి, అయినా కుదరకపోవచ్చు. అందుకే ఆగే రోజులని దరఖాస్తులోనే రాయించండి. ఏజెన్సీ పంపిన ప్రోగ్రామ్ రాగానే చూడాల్సింది హోటల్ ఎన్ని స్టార్లని కాదు. ప్రతి రాత్రి పక్కన ఎత్తు రాసుకుని చూడండి. రూమెయ్ లాంటి చిన్న ఊళ్ళో విదేశీయుల్ని దింపుకునే గది దొరుకుతుందో లేదో ముందే అడగండి. ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో రెండు లైన్లు వెతకండి: ఎంత ఎత్తు వరకు వర్తిస్తుంది, ఎన్ని సీసీల బండి వరకు వర్తిస్తుంది.

బండి. అద్దెకి దొరికేవాటిలో మా ఓటు సీఎఫ్‌మోటో 450 ఎంటీకి. 449 సీసీ, రెండు సిలిండర్లు, 17.5 లీటర్ల ట్యాంకు, సీటు ఎత్తు 820 మిల్లీమీటర్లు, ముందు 21, వెనక 18 అంగుళాల స్పోక్ చక్రాలు, అయినా ట్యూబ్‌లెస్. మన హిమాలయన్ 450 నడిపినవాళ్ళు పది నిమిషాల్లో దీనికి అలవాటవుతారు. సుమారు 44 హార్స్‌పవర్ అంటారు. అది కింద. 4,500 మీటర్ల దగ్గర గాలి సాంద్రత కింద ఉన్నదానిలో మూడింట రెండొంతులకి కూడా రాదు, కాబట్టి మిగిలేది 28 కంటే తక్కువే. బండి చెడిందని కంగారు పడొద్దు. ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్రోల్‌ని సర్దుతుంది, లేని గాలిని తేలేదు. కార్బురేటర్ బండి తీసుకుంటే పెట్రోల్ ఎక్కువై నల్లపొగ, మిస్సింగ్, ప్లగ్ నల్లబడటం, ఇవన్నీ వస్తాయి, పెట్రోల్ తక్కువ వదిలే చిన్న మెయిన్ జెట్ వేయించాలి. ఆ బెడద మీకెందుకు, ఇంజెక్షన్ బండే అడగండి. ఇద్దరు ఎక్కి లగేజీ కట్టిన బండి ఎక్కుడులో లారీని దాటాలంటే మీ లెక్క కన్నా రెట్టింపు రోడ్డు ఖాళీగా కావాలి.

గ్రూపంతా ఒకే మోడల్ తీసుకోండి. అప్పుడు ఒక క్లచ్ వైరు, ఒక జత లివర్లు, ఒక చైన్ లింకు, ఫ్యూజులు, ఒక పంచర్ కిట్, ఒక చిన్న ఎయిర్ కంప్రెసర్ ఎనిమిది బళ్ళకీ సరిపోతాయి. చైన్‌కి 500 కిలోమీటర్లకోసారి, వాన పడితే ఆ సాయంత్రమే, ఆయిల్ పట్టించాలి.

టైర్ల గాలి గురించి ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. కనుమ మీద గేజీ పెట్టి చూస్తే రీడింగ్ పెరిగి ఉంటుంది, దాంతో గాలి తీసేస్తారు. బయట గాలి ఒత్తిడి తగ్గడం వల్ల చెంగ్డూతో పోలిస్తే 5,000 మీటర్ల దగ్గర గేజీ 6 పీఎస్‌ఐ దాకా ఎక్కువ చూపించాలి. కానీ 25 డిగ్రీల నుంచి సున్నాకి చలి పడితే దాదాపు 4 పోతుంది. మిగిలేది 2. దాన్ని ముట్టుకోకండి. అక్కడ గాలి తీస్తే లోయలోకి దిగేసరికి టైరు మెత్తబడి, మలుపుల్లో బండి ఊగుతుంది.

దిగుడు అనగానే నూజియాంగ్ 72 మలుపులు. 4,658 మీటర్ల యేలా కనుమ నుంచి సాల్వీన్ నది దాకా ఒకటే దిగుడు. తిరుమల ఘాట్ రోడ్డు దిగినవాళ్ళకి హెయిర్‌పిన్‌లు కొత్త కాదు, కానీ ఇక్కడ అవి అయిపోవు. రెండో గేరు, ఇంజన్ బ్రేకింగ్, మలుపుకి ముందు గట్టిగా ఒక్కసారి బ్రేక్ వేసి వదిలేయడం. వెనక బ్రేక్ మీద కాలు ఆనించి దిగితే చక్రం దగ్గర బ్రేక్‌ని నొక్కే కాలిపర్ వేడెక్కి, బ్రేక్ ఆయిల్ మరిగి, పెడల్ ఒక్కసారిగా కిందికి పోతుంది. కొత్త డాట్ 4 ఆయిల్ 230 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, తేమ పట్టిన పాత ఆయిల్‌కి ప్రమాణం 155 మాత్రమే. అందుకే బండి తీసుకునేటప్పుడు బ్రేక్ ఆయిల్ ఉండే డబ్బా, అంటే రిజర్వాయర్ చూడండి. ఆయిల్ టీ డికాషన్ రంగులో ఉంటే మార్పించాకే సంతకం పెట్టండి.

ఇంకొకటి, ఇది దగ్గరగా చూస్తేనే తెలుస్తుంది. చైనా కొండ రోడ్ల మీద బరువు లారీలు బ్రేకులు చల్లబడటానికి చక్రాల మీద నీళ్ళు వదులుతూ దిగుతాయి. ఎండలో అది ఒక సన్నని తడి గీత. ఉదయం పూట కొండ నీడ పడే మలుపులో అదే గీత మంచు పొర అవుతుంది. తారు మీద తారులాగే నల్లగా ఉంటుంది, మెరుపు తప్ప తేడా ఉండదు. లారీల చక్రాలు నడిచే గాడిలో, మలుపు లోపలి వైపు ఇది ఎక్కువ. ఆ మెరుపు కనిపిస్తే బ్రేక్, క్లచ్, యాక్సిలరేటర్ ఏదీ మార్చకుండా బండిని నిటారుగా పోనివ్వాలి. ముందున్న రైడర్ హెల్మెట్ ఇంటర్‌కమ్‌లో "మంచు" అని ఒక్క మాట అంటే చాలు.

గ్రూపు నడిచే పద్ధతి. అక్కడ రోడ్డుకి కుడి వైపు నడపాలి. అలవాటు తప్పేది రద్దీలో కాదు. టీ తాగి ఖాళీ రోడ్డు మీదికి తిరిగి ఎక్కేటప్పుడు చెయ్యి తనంతట తాను ఎడమకి పోతుంది. ఆగిన ప్రతిసారీ లీడర్ ముందు ఎక్కి, "కుడి" అని చెప్పాకే మిగతావాళ్ళు కదలాలి. తిన్నని రోడ్డులో లీడర్ లేన్‌లో ఎడమ వైపు, రెండో బండి కుడి వైపు, అలా జిగ్‌జాగ్‌గా. ముందు బండికి రెండు సెకన్ల దూరం. మలుపులు మొదలైతే ఒకే వరస, దూరం నాలుగు సెకన్లు. లారీని దాటేటప్పుడు ఎవరికి వాళ్ళు చూసుకుని దాటాలి. "క్లియర్, రండి" అని ముందువాళ్ళు చెప్పే మాట రెండు సెకన్లలో పాతబడిపోతుంది. అందరికన్నా నెమ్మదైన రైడర్‌ని లీడర్ వెనకే పెట్టండి. చివర పెడితే వాళ్ళు అందుకోవడానికి పరిగెత్తుతారు, పడేది అక్కడే. చివరి బండి అనుభవం ఉన్నవాళ్ళది, టూల్స్, మందులు వాళ్ళ దగ్గరే. బ్లూటూత్ మెష్ ఇంటర్‌కమ్ చాలు. వాకీటాకీలు ఇక్కడి నుంచి తీసుకెళ్ళొద్దు. అక్కడ లైసెన్సు లేకుండా వాడేది 409 మెగాహెర్ట్జ్, అర వాట్ సెట్లే.

పెట్రోల్ ట్యాంకు సగం కాగానే నింపుకోవడం మంచిది. టిబెట్‌లో చాలా బంకుల్లో పేరు రాయించాలి, పైగా బైకుని పంపు దగ్గరికి రానివ్వకుండా ఇనప కూజాలో పట్టి ఇస్తారు. ఎనిమిది బళ్ళకి అరగంట పైనే పడుతుంది, అది రోజు లెక్కలో వేసుకోండి.

ఫోన్ విషయానికొస్తే, యూపీఐ కుదరదు. అక్కడి పేమెంట్ యాప్ అలీపేకి మన ఇంటర్నేషనల్ కార్డు ఇంట్లో ఉండగానే కలుపుకోండి. మ్యాప్‌కి గావ్‌డ్ యాప్ పెట్టుకోండి. బయట తయారైన జీపీఎస్ ట్రాక్‌ని చైనా మ్యాపు మీద వేస్తే కొన్ని వందల మీటర్లు పక్కకి జరిగి కనిపిస్తుంది. అక్కడి మ్యాపుల లెక్కే వేరు.

సీజన్: మే మధ్య నుంచి జూన్, లేదంటే సెప్టెంబర్, అక్టోబర్ మొదటి భాగం. జులై, ఆగస్టుల్లో కొండచరియలు విరుగుతాయి, ముఖ్యంగా బోమీ–తోంగ్‌మాయ్ వైపు. కానీ ఈ దారిలో మాకు అన్నిటికన్నా ఇష్టమైన ముక్క కూడా అదే. రన్వూ సరస్సు నుంచి పార్లుంగ్ త్సాంగ్పో నది పక్కనే అడవిలో దిగుతూ పోతాం. ఆ నీళ్ళే యార్లుంగ్‌లో కలిసి, అరుణాచల్‌లోకి సియాంగ్‌గా వచ్చి, బ్రహ్మపుత్ర అవుతాయి. అక్కడ తొందరపడకండి.

మార్కులు వేస్తే రోడ్డుకి పదికి తొమ్మిది, దృశ్యాలకి పదికి పది, కాగితాల సులువుకి మూడు. లదాఖ్ ఒక్కసారైనా చేయనివాళ్ళు మాత్రం దీనితో మొదలుపెట్టొద్దు.

లాసా చేరాక బండ్లు సాధారణంగా లారీలో చెంగ్డూకి తిరిగి వెళ్తాయి, మనుషులు రైల్లోనో విమానంలోనో. అప్పగించే ముందు ట్యాంకులో పెట్రోల్ దాదాపు ఖాళీ చేయించండి. ఓడోమీటర్, రెండు పక్కలా ప్లాస్టిక్‌లు, లివర్ల చివరలు, సైలెన్సర్ అడుగు భాగం, అన్నిటికీ తేదీ కనిపించేలా వీడియో తీయండి. లారీలో పడ్డ గీతలకి మీ డిపాజిట్ కోయకుండా అదే అడ్డుపడుతుంది.