మామయ్య పాత బెంజ్‌కి పికప్ నిజంగా పోయిందా?

నమస్తే అండి! నేను డాలస్ నుంచి హైదరాబాద్ వచ్చిన ప్రతిసారీ నగల దుకాణాలూ, పచ్చళ్లూ చూపించమని అడుగుతారు. ఆ వీడియోలు వస్తాయి. ఈరోజు మాత్రం మా మామయ్య కారు చూపిస్తాను. ఇంట్లో దాన్ని అమ్మేయాలన్న మాట నడుస్తోంది. అందుకు చెబుతున్న కారణం నాకు సరైనదిగా అనిపించడం లేదు.

ఇదిగో, కెమెరా ఇటు తిప్పుతున్నాను. 1996 మోడల్ మెర్సిడెస్ బెంజ్ ఈ220. పెట్రోలు, ఐదు గేర్ల మాన్యువల్. నంబరు ప్లేటు ఏపీ 9. తర్వాత టీఎస్ వచ్చింది, 2024లో టీజీ వచ్చింది, దీని మీద ఏపీ అలాగే ఉంది. తలుపు వేస్తాను, ఆ చప్పుడు వినండి. ముప్ఫై ఏళ్ల తలుపు అది!

"దీనికి పికప్ పోయిందమ్మా. చిన్న చిన్న కార్లు కూడా దాటేసి వెళ్తున్నాయి," అంటారు మామయ్య. బావ ఇంకాస్త గట్టిగా చెబుతాడు: "సిగ్నల్ పడ్డాక మన కారు కదిలేలోపు వెనక నుంచి ఆటోవాళ్లు హారన్లు కొడతారు." అత్తయ్యకు అమ్మడం ఇష్టం లేదు. కారణం అడిగితే మాత్రం చెప్పరు, వంటింట్లోకి వెళ్లిపోతారు.

ముందు ఈ కారు ఎలాంటిదో చెబుతాను. తయారీదారుల లెక్కలో దీని పేరు డబ్ల్యూ124. యూరప్‌లో 1984లో విడుదలైంది. మెర్సిడెస్ మన దేశంలో 1994లో సంస్థ పెట్టి, 1995లో పుణె దగ్గర టెల్కో (ఇప్పటి టాటా మోటార్స్) ఆవరణలో మొట్టమొదట తయారు చేసింది ఈ కారునే. అప్పట్లో ఆబిడ్స్‌లో నిలబడి చూస్తే కనిపించేవి ఎక్కువగా మారుతి 800లు, అంబాసిడర్లు, పద్మినిలు. మారుతి 800 ఇంజన్ శక్తి దాదాపు 37 హార్స్‌పవర్. దీనికి 150. నాలుగు సిలిండర్లు, పదహారు వాల్వులు, 2.2 లీటర్లు. ఆ రోజుల్లో దీన్ని చూసినవాళ్లెవరూ పికప్ లేదని అని ఉండరు.

మాన్యువల్ ఈ220 సున్నా నుంచి గంటకు 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి తయారీదారులు చెప్పిన సమయం సుమారు 10.6 సెకన్లు. నేను డాలస్‌లో నడిపేది టెస్లా మోడల్ 3, వెనక చక్రాలకు ఒకే మోటారు ఉన్న రకం. దానికి 5.8 సెకన్లు అంటారు. రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టేముందు ఒక సంగతి చూడాలి. అమెరికాలో కొలిచేది గంటకు 60 మైళ్ల దాకా, అంటే 96.6 కిలోమీటర్లే. పైగా అక్కడ చాలా పరీక్షల్లో కారు కదిలే మొదటి అడుగు దూరాన్ని లెక్కలో పట్టరు. అక్కడ ఇంచుమించు 0.3 సెకన్లు కలిసొస్తాయి. అయినా సరే, టెస్లానే వేగం, అందులో వాదన లేదు. నేను వాదించేది 10.6 అనే అంకె వెనక ఏముందన్న దాని గురించి.

బావ ముందు కాగితం మీద ఒక లెక్క వేశాను, మీకూ చెబుతాను. కారు బరువు సుమారు 1,400 కిలోలు. వంద కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 27.8 మీటర్లు. అంత బరువును అంత వేగానికి తేవాలంటే దాదాపు 540 కిలోజౌళ్ల శక్తి కావాలి. 10.6 సెకన్లతో భాగిస్తే సగటున 51 కిలోవాట్లు, అంటే 70 హార్స్‌పవర్ కూడా కాదు. 150 హార్స్‌పవర్ ఉన్న ఇంజన్ నుంచి వేగంగా మారింది సగం కంటే తక్కువ! కొంత గేరుబాక్సులో, టైర్ల దగ్గర పోతుంది, కొంత గాలి తినేస్తుంది. గేరు మార్చే క్షణాల్లో చక్రాలకు ఏమీ అందదు. అన్నిటికన్నా పెద్ద కారణం వేరే ఉంది. ఆ 150 హార్స్‌పవర్ ఇంజన్ నిమిషానికి 5,500 సార్లు తిరిగినప్పుడే దొరుకుతుంది. టార్క్, అంటే ఇంజన్ తిప్పే బలం, గరిష్ఠంగా 210 న్యూటన్ మీటర్లు, అదీ నిమిషానికి 4,000 సార్లు తిరిగే దగ్గర.

ఇప్పుడు మామయ్య నడిపే తీరు చూడండి. రెండో గేరులో బండి కాస్త కదలగానే మూడు, నలభై దాటకముందే నాలుగు. ఇంజన్ నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతోందో చూపే టాకోమీటర్ ముల్లు రెండు వేలు దాటదు. ఆయన డ్రైవింగ్ నేర్చుకున్నది అంబాసిడర్ మీద. ఆ ఇంజన్‌కి అది సరైన పద్ధతే, తక్కువ వేగంలో తిరుగుతూ లాగడమే దానికి తెలిసిన పని. పెట్రోలు ఆదా అనే అలవాటు కూడా తోడైంది. బావ కొన్న హ్యుందాయ్ ఐ20లో ఒక లీటరు టర్బో ఇంజన్ ఉంది. దానికి 172 న్యూటన్ మీటర్ల టార్క్ 1,500 దగ్గరే అందుతుంది. రెండు వేల దగ్గర ఆ చిన్న కారు తన బలమంతా చూపిస్తుంటే, అదే రెండు వేల దగ్గర బెంజ్ ఇంకా తన పూర్తి బలానికి చేరుకోలేదు. బావ చూసిన తేడా ఇదే.

ఇక ఊరి సంగతి. కంపెనీ చెప్పే శక్తి సముద్ర మట్టం దగ్గరి గాలి పీడనానికీ, 20-25 డిగ్రీల ఉష్ణోగ్రతకూ సరిచేసిన లెక్క. హైదరాబాద్ సముద్ర మట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడ గాలి పీడనమే సుమారు 6 శాతం తక్కువ. మే నెలలో 40 డిగ్రీలంటే గాలి ఇంకో 5, 6 శాతం పలుచబడుతుంది. టర్బో లేని ఇంజన్ ఎంత గాలి పీల్చుకుంటే అంతే పెట్రోలు మండించగలదు. కాబట్టి కొత్త కారైనా సరే, హైదరాబాద్ ఎండలో దాని శక్తిలో దాదాపు పదో వంతు పోయినట్టే. టర్బో ఉన్న కారు గాలిని లోపలికి నొక్కి పంపుతుంది కనుక ఆ లోటు దానికి అంతగా తెలియదు. పైగా ఏసీ. పైగా నలుగురు మనుషులు, డిక్కీలో సామాను, మామిడికాయల బస్తా. మరో 250 కిలోలు పెరిగితే పైన చెప్పిన సమయం ఇంచుమించు 12.5 సెకన్లకు చేరుతుంది. కారు ముసలిదైపోయిందని తీర్పు చెప్పేముందు ఇవన్నీ పక్కకు తీయాలి కదా.

అయితే వయసు వల్ల వచ్చే లోపాలు ఉండవని నేను అనడం లేదు. అందుకే మెహదీపట్నం అవతల ఒక షెడ్డుకి తీసుకెళ్లాం. పాత జర్మన్ కార్లు చూసే ఉస్తాద్ ఆయన. కెమెరాలో కనిపించనన్నారు, గొంతు మాత్రం వినిపిస్తుంది. కంప్యూటర్ తగిలించలేదు, బోనెట్ మాత్రం తెరిచారు. ముందు బావను డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి, ఇంజన్ ఆపి ఉండగానే యాక్సిలరేటర్ చివరిదాకా తొక్కమని చెప్పి, తను బయట నిలబడి థ్రాటిల్ వైపు, అంటే ఇంజన్‌లోకి గాలిని వదిలే తలుపు వైపు, చూశారు. పూర్తిగా తెరుచుకోలేదు! పెడల్ కింద ఫ్యాక్టరీ తివాచీ, దాని మీద మామయ్య వేయించిన మందపాటి మ్యాటు, దాని మీద వానాకాలం కోసం వేసిన రబ్బరు మ్యాటు. చివరి అంగుళం దాకా పెడల్ వెళ్లడానికి చోటే లేదు. పై రెండూ తీసి డిక్కీలో పడేశారు. దానికి డబ్బులు తీసుకోలేదు.

తర్వాత కారుని జాకీ మీద లేపి ఒక్కో చక్రాన్ని చేత్తో తిప్పారు. వెనక కుడి చక్రం బిగుసుగా ఉంది. బ్రేక్ తీసినా ప్యాడ్లు డిస్క్‌ను పూర్తిగా విడవడం లేదు. అంటే ఇన్నాళ్లూ ఒక చక్రానికి సగం బ్రేక్ పట్టి ఉండగానే మామయ్య నడుపుతున్నారు. సిలిండర్లలో పీడనం ఎంత వస్తోందో చూసే కంప్రెషన్ పరీక్ష చేశారు, ఈ వీడియోలో నేను అన్నిటికన్నా ఆత్రంగా ఎదురుచూసిన ఘట్టం అదే. నాలుగు సిలిండర్లూ దాదాపు సమానంగా వచ్చాయి. ఇంజన్ గుండె గట్టిగా ఉంది. స్పార్క్ ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్, ఫ్యూయల్ ఫిల్టర్ మార్చాలన్నారు. ప్లగ్గులూ ఫిల్టర్లూ రాణిగంజ్‌లో దొరికాయి. ప్యాడ్లను డిస్క్ మీద నొక్కే బ్రేక్ కాలిపర్ విప్పి శుభ్రం చేసి, సీళ్లు మార్చి బిగించారు. టైర్లలో గాలి కూడా తక్కువే ఉంది, అది నింపించాం.

పెద్ద మరమ్మతు ఒక్కటీ లేదు, గమనించారా? పాత కారు ఒక్కరోజులో నీరసించదు. ఒక్కో చిన్న లోటు ఏటా కొంత తినేస్తూ పోతుంది. రోజూ నడిపేవాళ్లకు అది కనిపించదు. చివరికి ఇంజన్ అయిపోయిందనుకుంటాం. ఎంత మంచి కార్లు ఈ కారణంగా తుక్కుకు వెళ్లిపోయాయో తలచుకుంటే నాకు బాధగా ఉంటుంది.

ఆదివారం తెల్లవారుజామున నార్సింగి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాం. ఔటర్ గురించి బయటివాళ్లకు ఒక మాట: 158 కిలోమీటర్ల వలయం, ఎనిమిది వరుసలు, ద్విచక్ర వాహనాలకు అనుమతి లేదు, కుడి వైపు వరుసల్లో 120 దాకా వెళ్లవచ్చు. మేం పోటీలు పెట్టుకోలేదు, పెట్టుకోకూడదు కూడా. నేను చూడాలనుకున్నది ఒక్కటే. టోల్ గేటు దాటి, ర్యాంపు మీదుగా వెళ్లి, పెద్ద రోడ్డు మీది వాహనాల్లో కలిసేచోట 60 నుంచి 100కి ఎలా వెళ్తుందో. మన ఊళ్లో సున్నా నుంచి వంద ఎవరికీ అవసరం రాదు. లారీల మధ్య కలవడానికీ, బస్సును దాటడానికీ అరవై నుంచి వందే కావాలి.

నడిపింది మామయ్యే. "మూడో గేరులోనే ఉంచండి, మామయ్యా. ముల్లు నాలుగు వేలు దాటేదాకా మార్చకండి," అన్నాను. "ఇంజన్ అరుస్తుందమ్మా," అన్నారు. అరవనివ్వండి అన్నాను. మూడు వేల దాకా మామూలుగా ఉంది. మూడున్నర వేలు దాటాక, ఇప్పుడు వినండి, శబ్దం మారింది. ముందు భాగం కాస్త పైకి లేచింది, సీటు వీపును నెట్టడం మొదలుపెట్టింది, ఆ నెట్టుడు ఆగలేదు. ఐదు వేల దాకా అలాగే పెరుగుతూ పోయింది. ఎడమ వైపు కంటెయినర్ లారీ వెనక్కి వెళ్లిపోయింది. మామయ్య నోటి నుంచి మాట రాలేదు. నాలుగో గేరు వేసి, వంద దగ్గర నిలిపి, "ఇది ఇలా వెళ్తుందని నాకు తెలియదే," అన్నారు. వెనక సీట్లో బావ ఫోనులో ఏదో చూస్తున్నవాడు తలెత్తాడు.

ఇక్కడ నా అభిప్రాయం చెప్పాలి. విద్యుత్ కారులో తొక్కిన క్షణంలోనే మొత్తం బలం వచ్చేస్తుంది. మొదటి రోజు ఒళ్లు జలదరిస్తుంది, నెలలోపు అలవాటైపోతుంది. ఈ కారు బలాన్ని మీరు అడిగి తీసుకోవాలి. ఏ గేరులో, ఎంత తిప్పితే ఎంత ఇస్తుందో తెలుసుకుంటూ పోవాలి. వంద దగ్గర రోడ్డు అతుకులు దాటుతున్నా స్టీరింగ్ వణకలేదు. వెనక ఒక్కో చక్రాన్ని ఐదు కడ్డీలతో పట్టి ఉంచే సస్పెన్షన్ ఇది, వేగం పెరిగేకొద్దీ కారు నేలకు అతుక్కుపోతుంది. పికప్ అంటే నాకు అదంతా కలిపి. వేగం వచ్చాక భయం వేస్తే ఆ వేగాన్ని ఎవరూ వాడరు. వేగమే కావాలనుకునే వాళ్ల కోసం ఇదే శరీరంలో 500ఈ అనే కారు కూడా చేశారు, పోర్షే సంస్థ సాయంతో, ఐదు లీటర్ల వీ8, 326 హార్స్‌పవర్. 1990ల మొదట్లోనే వందకు దాదాపు 6 సెకన్లు! దాన్ని ఒక్కసారైనా నడపాలని నా కోరిక.

తిరిగి వచ్చేటప్పుడు శంషాబాద్ దగ్గర టీ తాగుతూ మామయ్య అడిగిన ప్రశ్న పెట్రోలు గురించి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్‌లో లీటరుకు ఉండే శక్తి పెట్రోలులో ఉన్నదాంట్లో దాదాపు మూడింట రెండొంతులే. అందువల్ల మైలేజీ కొంత తగ్గడం సహజం. నాకు దానికన్నా రబ్బరు గొట్టాల గురించి బెంగ. 1990ల నాటి గొట్టాలు ఇంత ఇథనాల్ కోసం చేసినవి కావు. అవి పగిలి పెట్రోలు కారితే పికప్ సంగతి తర్వాత, ప్రాణాల మీదికి వస్తుంది. ట్యాంకు నుంచి ఇంజన్ దాకా గొట్టాలన్నీ మార్పించమని గట్టిగా చెప్పాను, ఉస్తాద్ కూడా అదే అన్నారు.

సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు, ఆ తర్వాత ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. 2011, 2016, 2021 అయ్యాయి, ఇప్పుడు మళ్లీ వంతు వచ్చింది. అమ్మే ఆలోచన ఉండి కాగితాలు పక్కన పెట్టిన మామయ్య సోమవారం వాటిని బయటికి తీశారు. ఫిట్‌నెస్ పరీక్షకు ముందే గొట్టాలు మార్చే పని పెట్టుకున్నాం. ఆ రోజు మళ్లీ షెడ్డుకి వెళ్తాను, ఏ గొట్టం ఎక్కడ ఉంటుందో దగ్గర నుంచి చూపిస్తాను. మీ నాన్నగారి దగ్గరో తాతగారి దగ్గరో ఇలాంటి కారు ఉంటే, ఈలోగా డ్రైవర్ సీటు ముందున్న మ్యాట్లు తీసి, పెడల్ చివరిదాకా వెళ్తోందో లేదో చూడండి.