గింజ కాదు, పండు

అధ్యాపకులకు, విద్యార్థులకు నమస్కారం.

ఎపియేసీ, అంటే క్యారట్, కొత్తిమీర లాంటి మొక్కల కుటుంబం అనగానే అందరూ క్యారట్‌తో మొదలుపెడతారు. నేను ధనియాలతో మొదలుపెడతాను. మనం గింజ అనుకునే ధనియం నిజానికి పండు. రెండు ఫలదళాలు (అండాశయపు భాగాలు) కలిసిన నిమ్న అండాశయం, అంటే పూరేకల కింద ఉండే అండాశయం, నుంచి ఏర్పడే భిదుర ఫలం (పండాక బద్దలుగా విడిపోయే పండు) అది; ఒక్కో బద్దలో ఒక్కో విత్తనం ఉంటుంది. జీలకర్ర, వాము, సోంపు కూడా ఇంతే. వాటి బద్దలు తేలిగ్గా విడిపోతాయి. ధనియం బద్దలు మాత్రం గుండ్రంగా అంటుకునే ఉంటాయి. అందుకే రైతులు ధనియాలను నలిపి, బద్దలు చేసి విత్తుతారు.

ఈ కుటుంబానికి మార్కెట్లో విలువ తెచ్చిపెట్టింది ఆ పండు గోడలోని సన్నని తైలనాళాలే. ఆ తైలాలకు వాసన ఇచ్చే పదార్థాలు ఇవి: వాములో థైమాల్, సోంపులో అనెథోల్, ధనియాల్లో లినలూల్, జీలకర్రలో క్యుమినాల్డిహైడ్. గుజరాత్‌లోని ఊంఝాలో జీలకర్రకు పెద్ద మార్కెట్టే ఉంది. మన గుంటూరు దగ్గరి లాం పరిశోధన స్థానం స్వాతి, సాధన, సింధు అనే ధనియాల రకాలను రూపొందించింది.

ఇంగువ కథ వేరు. ఫెరులా మొక్క వేరుకు గాటు పెడితే పాలు కారతాయి. అవి ఎండి గట్టిపడితే ఇంగువ. అఫ్ఘనిస్థాన్, ఇరాన్ కొండల సరుకు. ఇంగువ లేనిదే పులిహోర తాలింపు వేయని 2020 దాకా దాన్ని పండించుకున్నది లేదు, అంతా దిగుమతే. ఆ ఏడాది అక్టోబరులో పాలంపూర్‌లోని సీఎస్ఐఆర్ (కేంద్ర ప్రభుత్వ శాస్త్ర పరిశోధన మండలి) సంస్థ శాస్త్రవేత్తలు హిమాచల్‌లోని లాహౌల్ లోయలో తొలి మొక్క నాటారు. దిగుబడికి అయిదేళ్లయినా ఓపిక పట్టాలి.

మొక్కను గుర్తుపట్టడం ఎలా? బోలు కాండం, కాండాన్ని చుట్టుకున్న ఆకు అడుగుభాగం, చీలికలైన ఆకులు, గొడుగులా విప్పారిన సంయుక్త గుచ్ఛం, అంటే చిన్న పూగుత్తులు కలిసిన పెద్ద గుత్తి. కొత్తిమీర పూతను దగ్గరగా చూడండి: అంచు పూలకు బయటివైపు రేకలు పెద్దవిగా ఉంటాయి.

అయితే పోలికలను నమ్మి అడవి మొక్కను నోట పెట్టకండి. క్రీ.పూ. 399లో గ్రీకు తత్వవేత్త సోక్రటీస్ తాగిన విషం హెమ్లాక్ అనే మొక్కదని చెబుతారు. అదీ ఈ కుటుంబమే. కాండం మీది ఊదా మచ్చలు దాని గుర్తు.

వాసనా మోసం చేస్తుంది. మనం బజ్జీలు వేసుకునే వామాకు వాము మొక్కది కాదు, తులసి కుటుంబానిది. రెండింటి పూలూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలిసిపోతుంది. అవి ఈ బల్ల మీదే ఉన్నాయి, ముందుకు రండి.